క్రిప్టో అడ్రస్ తప్పిపోకుండా డబ్బు పంపడం, అందుకోవడం ఎలా?

“అడ్రస్ కాపీ చేసి పెట్టాను, అది సరైనదేనని ఎలా తెలుస్తుంది?” అని గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకరు అడుగుతారు. “మా అబ్బాయి వాలెట్ నిన్న ఒక అడ్రస్ చూపించింది, ఇవాళ ఇంకొకటి చూపిస్తోంది, ఏది నమ్మాలి?” అని విజయవాడ పటమట నుంచి ఇంకొకరు అడుగుతారు. “యూఎస్‌డీటీ నా దగ్గర నుంచి వెళ్లింది గానీ వాళ్లకు చేరలేదంటున్నారు” అని ఆటోనగర్ నుంచి మరొకరు. ఎవరు ఎలా అడిగినా చిక్కు ఒక్కచోటే ఉంది: మనిషి కంటికి ఏమాత్రం అర్థం కాని పొడవాటి అక్షరాల వరుసను నమ్మి డబ్బు పంపవలసి రావడం.

ఈ వ్యాసం అడ్రస్ గురించి, అంటే క్రిప్టో దాచుకునే యాప్ అయిన వాలెట్ ఇచ్చే, ఖాతా నంబరు లాంటి ఆ అక్షరాల వరుస గురించి మాత్రమే. క్రిప్టో కొనాలా వద్దా అన్నది ఇందులో లేదు. ఇప్పటికే కొంత బిట్‌కాయిన్, ఈథర్ (ఇథీరియం నాణెం) లేదా యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన టోకెన్) చేతిలో ఉండి మరొకరికి పంపవలసినవారు, లేదా విదేశాల్లోని పిల్లల నుంచో పని ఇచ్చినవారి నుంచో అందుకోవలసినవారు, ముందుగా ఒక అరగంట వెచ్చించి చేసుకోవలసిన ఏర్పాటు ఇది. ఆ అరగంట శ్రమ ఒక్కో మనిషికి ఒక్కసారే పడాలి, తర్వాత ఎన్నిసార్లు పంపినా ఆ ఒక్కసారి సరిచూసి దాచుకున్న చోటు నుంచే పంపాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఈ ఒక్క పద్ధతి కోసమే.

ముందుగా తెలియవలసిన సంగతి

యూపీఐలో పిన్ కొట్టకముందే అవతలి ఖాతాదారు పేరు తెర మీద కనబడుతుంది కాబట్టి, నంబరు ఒక అంకె తప్పినా పేరు చూసి ఆగిపోతాం. క్రిప్టోలో ఆ పేరు ఉండదు, పొరపాటైతే ఫిర్యాదు తీసుకునే బ్యాంకు శాఖా ఉండదు. అయితే చాలా నాణేల అడ్రస్‌లోనే ఒక చిన్న లెక్క దాగి ఉంటుంది. బిట్‌కాయిన్‌లో ‘బీసీ1’తో మొదలయ్యే అడ్రస్‌లో నాలుగు అక్షరాల వరకు ఎక్కడ తప్పు పడినా వాలెట్ కచ్చితంగా పట్టుకుంటుంది. 1తో, 3తో మొదలయ్యే పాత తరహా అడ్రస్‌లో అక్షరం తప్పితే అది చెల్లుబాటయ్యే అవకాశం సుమారు 429 కోట్లలో ఒక వంతు మాత్రమే. కాబట్టి చేతి పొరపాటు వల్ల డబ్బు పోవడం అందరూ భయపడినంత సులువుగా జరగదు.

పోయేది మరో దారిలో. వాలెట్ “అడ్రస్ సరైనదే” అని ఒప్పుకుందంటే ఆ అక్షరాల వరుస చెల్లుతుందని మాత్రమే దాని అర్థం. అది మీరు పంపదలచిన మనిషిదే అని వాలెట్ ఎన్నడూ చెప్పదు, చెప్పలేదు కూడా. దొంగ అడ్రస్ సైతం లెక్క ప్రకారం పూర్తిగా సరైన అడ్రసే.

కావలసినవి

• ఫోన్‌లో అధికారిక యాప్ స్టోర్ నుంచి దించుకుని, తాజాగా అప్‌డేట్ చేసిన వాలెట్. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఇన్‌స్టాల్ ఫైలు పనికిరాదు.
• పంపే ఫోన్ కాకుండా మరో పరికరం, ఇంట్లోవారి ఫోన్ అయినా చాలు. సరిచూసుకోవడానికి మాత్రమే.
• ఒక నోటుపుస్తకం, పెన్ను.
• డబ్బు అందుకునేవారితో నేరుగా మాట్లాడగల ఫోన్ నంబరు, అది మీకు ముందు నుంచి తెలిసినదై ఉండాలి.
• రుసుముకు సరిపడా, మీరు పంపే నెట్‌వర్క్ (నాణెం ప్రయాణించే దారి) సొంత నాణెం. ఇథీరియం మీద పంపాలంటే ఈథర్, బీఎన్‌బీ చైన్ మీదైతే బీఎన్‌బీ, ట్రాన్ మీదైతే టీఆర్‌ఎక్స్. సొంత వాలెట్‌లో యూఎస్‌డీటీ దండిగా ఉండి టీఆర్‌ఎక్స్ లేక ఎటూ కదలలేనివారు చాలామంది ఉన్నారు.

1. నాణెం, నెట్‌వర్క్, మెమో: ఈ మూడూ ముందు తేల్చుకోండి

అడ్రస్ అడగకముందే అవతలివారిని మూడు విషయాలు అడగాలి: ఏ నాణెం, ఏ నెట్‌వర్క్ మీద, మెమో లేదా ట్యాగ్ ఏదైనా ఇవ్వాలా అని. “యూఎస్‌డీటీ పంపండి” అనేది సగం మాటే. అదే యూఎస్‌డీటీ ఇథీరియం మీద ఈఆర్‌సీ20గా, ట్రాన్ మీద టీఆర్‌సీ20గా, బీఎన్‌బీ చైన్ మీద బీఈపీ20గా నడుస్తుంది, ఒక దారిలో పంపింది మరో దారిలో తనంతట తాను తేలదు.

అడ్రస్ చేతికి వచ్చాక దాని మొదలును, పొడవును చూడండి. బిట్‌కాయిన్ అడ్రస్ 1తో గానీ, 3తో గానీ, ‘బీసీ1’తో గానీ మొదలవుతుంది. వీటిలో ‘బీసీ1క్యూ’తో మొదలయ్యే మామూలు వ్యక్తిగత అడ్రస్‌కు 42 అక్షరాలు, ‘బీసీ1పీ’తో మొదలయ్యేదానికి 62 అక్షరాలు ఉంటాయి. ట్రాన్ అడ్రస్ పెద్ద టీతో మొదలై 34 అక్షరాలు ఉంటుంది. సొలానాకు స్థిరమైన మొదలు లేదు, పొడవు 32 నుంచి 44 వరకు ఉంటుంది. ఇథీరియం అడ్రస్ సున్నా, ఎక్స్ అనే రెండింటితో మొదలై, ఆ తర్వాత 40 అక్షరాలతో మొత్తం 42 అవుతుంది.

హెచ్చరిక: బీఎన్‌బీ చైన్, పాలిగాన్ అడ్రస్‌లు కూడా అచ్చంగా ఇథీరియం అడ్రస్‌ల మాదిరే ఉంటాయి. ఒకే వాలెట్‌లో మూడింటికీ ఒకే అడ్రస్ కనబడుతుంది. అందువల్ల సున్నా-ఎక్స్ అడ్రస్‌ను చూసి నెట్‌వర్క్‌ను ఊహించకండి, అడిగి తెలుసుకోండి.

మెమో సంగతి ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్ వంటి నాణేలను ఎక్స్‌ఛేంజీకి (క్రిప్టో కొని అమ్మే సంస్థకు) పంపేటప్పుడు తరచుగా వస్తుంది. అక్కడ వేలమంది ఖాతాదారులకు ఒకే అడ్రస్ ఉండి, ఎవరి డబ్బు ఎవరిదో ఆ ట్యాగ్ సంఖ్యను బట్టే తేలుతుంది. ట్యాగ్ పెట్టే గడిని ఖాళీగా వదిలేస్తే డబ్బు ఎక్స్‌ఛేంజీకి చేరుతుంది గానీ మీ ఖాతాలో జమ కాదు.

2. అందుకునేవారు అడ్రస్ ఎలా ఇవ్వాలి

మీరే అందుకునేవారైతే వాలెట్‌లో ‘రిసీవ్’ నొక్కి, పైన నాణెం, నెట్‌వర్క్ పేర్లు చూసుకుని, కాపీ గుర్తు నొక్కి అక్షరాల రూపంలో ఒక దారిలో పంపండి, క్యూఆర్ కోడ్ బొమ్మను మరో దారిలో పంపండి. వాట్సాప్‌లో అక్షరాలు, ఈమెయిల్‌లో క్యూఆర్ అనుకుందాం. ఒక దారిలో ఎవరైనా అడ్డుపడి మార్చినా రెండూ సరిపోలవు కాబట్టి విషయం బయటపడుతుంది.

అక్షరాలు కనబడే స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే అవతలివారు దానిని చూసి టైప్ చేయవలసి వస్తుంది, అది వద్దు. మీరు కూడా అడ్రస్‌ను చేత్తో కొట్టి పంపకండి. ఫోన్ కీబోర్డు సందేశంలోని మొదటి అక్షరాన్ని తనంతట తాను పెద్ద అక్షరంగా మార్చేస్తుంది, ‘బీసీ1’ అడ్రస్ పూర్తిగా చిన్న అక్షరాల్లో గానీ పూర్తిగా పెద్ద అక్షరాల్లో గానీ ఉండాలి తప్ప రెండూ కలిస్తే చెల్లదు. “అడ్రస్ తప్పు అంటోంది” అని వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి, కారణం తెలియక గంటల తరబడి తల పట్టుకుంటారు.

పటమట నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పాలి. బిట్‌కాయిన్ వాలెట్లు చాలావరకు ఒకసారి డబ్బు అందగానే కొత్త అడ్రస్ చూపిస్తాయి. పాతదీ మీదే, కొత్తదీ మీదే, దేనికి పంపినా మీ వాలెట్‌కే చేరుతుంది. మీ లావాదేవీలన్నీ ఒకే అడ్రస్ కింద పోగుపడకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది. అడ్రస్ తెలిసిన ఎవరైనా దానిలోని నిల్వను, గత లావాదేవీలను చూడగలరు కాబట్టి బంధువుల వాట్సాప్ గ్రూపులో అడ్రస్ పెట్టడం అంత మంచి ఆలోచన కాదు. డబ్బు పోదు గానీ ఎంత ఉందో అందరికీ తెలుస్తుంది.

హెచ్చరిక: డబ్బు అందుకోవడానికి అడ్రస్ ఒక్కటే చాలు. వాలెట్ తెరిచినప్పుడు రాసిపెట్టుకోమన్న 12 లేదా 24 పదాలను అడిగేవాడు ఎవడైనా, సహాయ కేంద్రం పేరు చెప్పినా, దొంగే.

3. టైప్ చేయకండి, అతికించండి లేదా స్కాన్ చేయండి

పంపేటప్పుడు అడ్రస్‌ను కాపీ చేసి అతికించడమో, క్యూఆర్ స్కాన్ చేయడమో చేయండి. బిట్‌కాయిన్ క్యూఆర్‌లో అడ్రస్‌తోపాటు మొత్తాన్ని కూడా ఇమిడ్చి ఇవ్వవచ్చు, అలాంటిది స్కాన్ చేసినప్పుడు మొత్తం గడి తనంతట తాను నిండుతుంది. నిండిన ఆ అంకెను చూడకుండా ముందుకు వెళ్లకండి.

కాపీ-పేస్ట్‌లోనూ ఒక ప్రమాదం ఉంది. కంప్యూటర్‌లో చేరి నిశ్శబ్దంగా కూర్చుని, మీరు క్రిప్టో అడ్రస్ కాపీ చేసిన క్షణంలో దాని స్థానంలో దొంగ అడ్రస్ పెట్టే వైరస్‌లు ఉన్నాయి. మీరు కాపీ చేసింది ఒకటి, అతికింది మరొకటి. డీటీపీ సెంటర్లలో, నెట్ సెంటర్లలో పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారే క్రాక్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ మీద ఈ పని అసలు పెట్టుకోకండి. అరండల్‌పేటలో ప్రింటు తీయించుకోవడానికి వెళ్లిన చోట వాలెట్ తెరవడం అన్నది ఊహించడానికే భయంగా ఉంటుంది గానీ, చేసేవాళ్లు ఉన్నారు.

అతికించిన ప్రతిసారీ, అతికించాక సరిచూడాలి. కాపీ చేసే ముందు చూస్తే ఉపయోగం లేదు.

4. సరిచూడటం: మొదలు, చివర చాలవు

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు ఆగండి. చాలామంది మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరేనంటారు, వాలెట్లు కూడా మధ్య భాగాన్ని చుక్కలతో దాచి ఆ అలవాటును పెంచాయి. ఇథీరియం అడ్రస్‌లో మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు మీ అడ్రస్‌తో సరిపోయే మరో అడ్రస్‌ను తయారుచేయాలంటే సగటున సుమారు 429 కోట్ల ప్రయత్నాలు కావాలి. వినడానికి పెద్ద సంఖ్యే, కానీ మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కు అది నిమిషాల పని. మధ్య అక్షరాలు కూడా కలపాలంటే మాత్రం ఒక్కో అక్షరానికీ శ్రమ 16 రెట్లు పెరుగుతూ పోయి త్వరలోనే అసాధ్యమవుతుంది. కాబట్టి దొంగకు కష్టమైన చోటే మీరు చూడాలి.

చేయవలసింది ఇది. అవతలివారు పంపిన అడ్రస్‌ను రెండో ఫోన్‌లో పూర్తిగా తెరిచి పెట్టుకోండి. నోటుపుస్తకంలో దానిని నాలుగేసి అక్షరాల చొప్పున విడగొట్టి రాయండి. ఇథీరియం అడ్రస్‌లో సున్నా-ఎక్స్ తీసేస్తే సరిగ్గా పది ముక్కలు వస్తాయి. ఇప్పుడు పంపే ఫోన్‌లో అతికించిన అడ్రస్‌ను పూర్తిగా కనబడేలా తెరిచి, ఒక్కో ముక్కనూ చూసి పక్కన టిక్ పెట్టండి. మొదటిసారి పంపేటప్పుడు పది ముక్కలూ చూడాలి. తర్వాతి సార్లు మొదటిది, చివరిది, మధ్యలో మీకు తోచిన రెండు ముక్కలు చూస్తే సరిపోతుంది, ఆ రెండూ ప్రతిసారీ మార్చండి.

ఫోన్‌లో చదివి వినిపించుకునేటప్పుడు బీ, డీ, ఈ, సీ ఒకేలా వినబడతాయి. ఇథీరియం అడ్రస్‌లో అంకెలు పోగా వచ్చేవి ఏ నుంచి ఎఫ్ వరకు ఆరే అక్షరాలు కాబట్టి ఊళ్ల పేర్లు పెట్టుకోండి: ఏ అంటే అమరావతి, బీ అంటే బాపట్ల, సీ అంటే చీరాల, డీ అంటే దాచేపల్లి, ఈ అంటే ఏలూరు. ఎఫ్‌కు మన చుట్టుపక్కల ఊరు దొరకదు, ఫ్యాన్ అనుకుందాం. “ఏడు, చీరాల, చీరాల, సున్నా” అని చదివితే ఇంట్లో అమ్మమ్మ కూడా తప్పు లేకుండా టిక్ పెట్టగలదు. చిన్న అక్షరమా పెద్ద అక్షరమా అన్నది ఇథీరియంలో చదివి చెప్పనక్కర్లేదు, ఆ తేడాను వాలెట్ తానే తప్పు పట్టుకోవడానికి వాడుకుంటుంది. బిట్‌కాయిన్ పాత తరహా అడ్రస్‌ల్లో, ట్రాన్‌లో, సొలానాలో మాత్రం చిన్నదీ పెద్దదీ వేరు వేరు, అక్కడ చెవిని నమ్మకుండా కంటితోనే చూడండి. ఈ తరహా అడ్రస్‌ల్లో సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ అసలు రావు, గందరగోళపడకూడదనే వాటిని తీసేశారు. ఎక్కడైనా అవి కనబడితే ఎవరో చేత్తో కొట్టారన్నమాట.

5. మనిషిని కూడా సరిచూసుకోండి

అడ్రస్ అక్షరం పొల్లుపోకుండా సరిపోవచ్చు, కానీ ఆ అడ్రస్ పంపింది మీ తమ్ముడు కాకపోవచ్చు. వాట్సాప్ ఖాతా ఇతరుల చేతికి చిక్కడం ఇప్పుడు అరుదైన విషయం కాదు. కాబట్టి మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు మామూలు కాల్ చేసి, మధ్యలోని ఒక ముక్కను వారినే చదవమనండి. మీరు చదివి “అంతేనా?” అని అడిగితే, పనిలో ఉన్న మనిషి చూడకుండానే “ఆ, అంతే” అనేస్తాడు. వాళ్లు చదవాలి, మీరు చూసుకోవాలి. గొంతును కూడా నకలు చేసే రోజులు వచ్చాయి కాబట్టి పెద్ద మొత్తమైతే వీడియో కాల్ చేసి, ఇంటి వాళ్లకే తెలిసిన సంగతి ఒకటి అడగడం తప్పేమీ కాదు. అడిగినందుకు వారు నొచ్చుకున్నా ఫర్వాలేదు.

6. పేరు పెట్టి దాచుకోండి

సరిచూసిన అడ్రస్‌ను వాలెట్‌లోని కాంటాక్ట్స్‌లో గానీ, ఎక్స్‌ఛేంజీలోని అడ్రస్ బుక్‌లో గానీ దాచండి. మెటామాస్క్, ఎలక్ట్రమ్ వంటి వాలెట్లలో ఈ సదుపాయం ఉంది. పేరులో మనిషి, నాణెం, నెట్‌వర్క్, నెల నాలుగూ రావాలి: “తమ్ముడు – యూఎస్‌డీటీ – ట్రాన్ – జూన్” అన్నట్టు. ఉత్త “తమ్ముడు” అని పెడితే ఆరు నెలల తర్వాత ఏ నెట్‌వర్కో గుర్తుండదు. దాచిన వెంటనే ఆ పేరు తెరిచి నోటుపుస్తకంలోని ముక్కలతో మరోసారి పోల్చండి, ఎందుకంటే దాచేటప్పుడు పడిన తప్పు ఆపై ప్రతిసారీ పునరావృతమవుతుంది.

ఎక్స్‌ఛేంజీ నుంచి పంపేవారు అక్కడ ‘వైట్‌లిస్ట్’ అనే ఏర్పాటు ఉంటే దానిని ఆన్ చేయండి. అది ఉన్నప్పుడు జాబితాలో లేని అడ్రస్‌కు డబ్బు వెళ్లదు, కొత్త అడ్రస్ చేర్చినా కొన్ని చోట్ల 24 గంటల వరకు పంపనివ్వదు. తొందరలో ఉన్నప్పుడు ఇది చిరాకు పెడుతుంది, కానీ మీ పాస్‌వర్డ్ దొరికిన దొంగను కూడా అలాగే చిరాకు పెడుతుంది.

దాచుకున్న అడ్రస్ రెండు సందర్భాల్లో మాత్రం పాతబడుతుంది. ఎక్స్‌ఛేంజీలు తమ డిపాజిట్ అడ్రస్‌లను మార్చవచ్చు, కాబట్టి అవతలివారిది ఎక్స్‌ఛేంజీ ఖాతా అయితే పంపే ముందు “ఇంకా ఇదే చూపిస్తోందా?” అని అడగండి. వారు ఫోన్ పోగొట్టుకుని కొత్త వాలెట్ తెరిచి ఉంటే పాత పేరును అప్పుడే తొలగించండి. బిట్‌కాయిన్‌లో ప్రతిసారీ కొత్త అడ్రస్ అడగడం గోప్యతకు మంచిదే. కానీ ఇంట్లోవారి మధ్య చిన్న మొత్తాలకైతే గోప్యత కంటే భద్రతే ముఖ్యమని, సరిచూసిన ఒకే అడ్రస్‌తో కొనసాగడం మేలని నా అభిప్రాయం.

7. ముందు చిన్న మొత్తం పంపండి

పోయినా బాధపడనంత మొత్తం పంపి, అవతలివారు తమ వాలెట్‌లో చూసి చెప్పేవరకు ఆగండి. పంపేది ఎక్స్‌ఛేంజీకైతే అక్కడి కనీస డిపాజిట్ ఎంతో ముందుగా చూసుకోండి, అంతకంటే తక్కువ పంపితే అది జమ కాకపోవచ్చు. బిట్‌కాయిన్‌లో ఒక బ్లాక్‌కు (లావాదేవీలు నమోదయ్యే ఒక కట్టకు) సగటున 10 నిమిషాలు పడుతుంది, రుసుము తక్కువ పెడితే ఇంకా ఆలస్యం కావచ్చు, కాబట్టి కాఫీ తాగి రండి. పరీక్ష కోసం రెండోసారి రుసుము పడుతుందని కొందరు ఈ మెట్టును దాటేస్తారు. ఇథీరియం మీద రద్దీ ఉన్నప్పుడు ఆ రుసుము నిజంగానే బరువు. అయినా పెద్ద మొత్తానికి ముందు అది పెట్టవలసిన ఖర్చే.

8. అసలు మొత్తం: పాత లావాదేవీ నుంచి కాపీ చేయకండి

పరీక్ష మొత్తం చేరిందనగానే అందరూ చేసే పని, లావాదేవీల చరిత్ర తెరిచి అందులోని అడ్రస్‌ను కాపీ చేయడం. దొంగలు కాపు కాసేది సరిగ్గా అక్కడే. 2024 మే 3న ఒక పెట్టుబడిదారు ముందుగా చిన్న మొత్తం సరైన అడ్రస్‌కే పంపారు. కొద్ది నిమిషాల్లో, మొదలు చివర అచ్చం అలాగే ఉన్న మరో అడ్రస్‌తో ఒక నకిలీ లావాదేవీ ఆయన చరిత్రలో వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఆయన పంపిన 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఇథీరియం మీద నడిచే, బిట్‌కాయిన్ విలువ గల టోకెన్లు), అప్పటి విలువలో సుమారు 6.8 కోట్ల డాలర్లు, నేరుగా ఆ నకిలీ అడ్రస్‌కు వెళ్లాయి. బేరసారాల తర్వాత అందులో చాలా భాగం వెనక్కి వచ్చింది, అయితే అలా తిరిగి రావడం అరుదు. పరీక్ష మొత్తం పంపడం ఆయనను కాపాడలేదని గమనించండి. పరీక్షించిన అడ్రస్‌నే రెండోసారి వాడితేనే పరీక్షకు అర్థం.

దీనిని ‘అడ్రస్ పాయిజనింగ్’ అంటారు. “నేను పంపని లావాదేవీ నా చరిత్రలో కనబడుతోంది, వాలెట్ హ్యాక్ అయిందా?” అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇదే. సున్నా మొత్తంతో, మీరే పంపినట్టు కనబడే టోకెన్ బదిలీని మీ కీ (వాలెట్‌లోని రహస్య తాళం) లేకుండానే ఎవరైనా సృష్టించగలరు. పేరు మాత్రమే యూఎస్‌డీటీ అని పెట్టిన నకిలీ టోకెన్‌తో కూడా ఇదే పని చేస్తారు. ఆ వరుసను ముట్టుకోకుండా వదిలేస్తే మీకు ఏ నష్టమూ లేదు.

కాబట్టి అసలు మొత్తాన్ని 6వ మెట్టులో దాచిన పేరు నుంచే ఎంచుకుని పంపండి. హార్డ్‌వేర్ వాలెట్ (కీని విడిగా దాచే చిన్న పరికరం) ఉన్నవారు కంప్యూటర్ తెరను కాక, ఆ పరికరం తెర మీద కనబడే అడ్రస్‌ను ముక్కలతో పోల్చి ఆ తర్వాతే బటన్ నొక్కాలి. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా ఆ చిన్న తెర నిజమే చూపిస్తుంది. అది చదవకుండా ఓకే కొట్టేవారు ఆ పరికరానికి పెట్టిన డబ్బంతా వృథా.

9. చేరిందో లేదో చూసే పద్ధతి

పంపిన వెంటనే వాలెట్ ఒక లావాదేవీ సంఖ్య ఇస్తుంది. దానిని కాపీ చేసి, లావాదేవీలను చూపే వెబ్‌సైట్లలో, అంటే బిట్‌కాయిన్‌కు మెంపూల్ డాట్ స్పేస్‌లో, ఇథీరియానికి ఈథర్‌స్కాన్‌లో, ట్రాన్‌కు ట్రాన్‌స్కాన్‌లో వెతకండి. మూడు సంగతులు చూడాలి: స్థితి విజయవంతం అని ఉందా, అందుకున్న అడ్రస్ మీ పుస్తకంలోని ముక్కలతో సరిపోతోందా, మొత్తం సరిగా ఉందా. యూఎస్‌డీటీ పంపినప్పుడు పైన ‘టు’ అన్నచోట టోకెన్ కాంట్రాక్ట్ (ఆ టోకెన్‌ను నడిపే ప్రోగ్రామ్) అడ్రస్ కనబడుతుంది, దానిని చూసి కంగారు పడకండి, కింద టోకెన్ బదిలీ అన్న వరుసలో ఉన్నదే అందుకున్నవారి అడ్రస్. డబ్బు మీకు రావలసి ఉంటే అవతలివారు పంపే స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోవద్దు, మీ వాలెట్‌లో కనబడాలి.

లావాదేవీ సంఖ్య, తేదీ, ఆనాటి రూపాయి విలువ, ఎవరికి, ఎందుకు అన్నవి నోటుపుస్తకంలో రాయండి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, 2022 జులై 1 నుంచి బదిలీల మీద 1 శాతం టీడీఎస్ నిబంధన వచ్చాయి కాబట్టి, మీ సొంత వాలెట్ల మధ్య మార్చుకున్నది ఏదో, పరాయివారికి ఇచ్చింది ఏదో మీ ఆడిటర్ గారు తప్పకుండా అడుగుతారు. పేరు పెట్టి దాచుకున్న అడ్రస్‌లు అప్పుడు చాలా పని తగ్గిస్తాయి.

అడ్రస్ బదులు పేరు వాడవచ్చా?

వాడవచ్చు, జాగ్రత్తతో. 2017లో మొదలైన ఇథీరియం నేమ్ సర్వీస్‌లో ‘డాట్ ఈత్’తో ముగిసే పేరు తీసుకుంటే, మద్దతు ఉన్న వాలెట్‌లో ఆ పేరు కొడితే అడ్రస్ దానంతటదే వస్తుంది. బిట్‌కాయిన్‌లోనూ ఈమెయిల్ తరహా పేరుకు చెల్లించే ఏర్పాటును బిప్ 353 అనే ప్రతిపాదన వివరిస్తుంది, అది కొన్ని వాలెట్లలోనే ఉంది. గుర్తుంచుకోవడానికి ఇవి ఎంతో సుఖం. కానీ ఒక అక్షరం తేడాతో, లేదా రష్యన్ లిపిలో అలాగే కనబడే అక్షరంతో మరొకరు పేరు తీసుకోవచ్చు. ఏటా రుసుము కట్టకపోతే గడువు ముగిసి, కొంతకాలానికి ఆ పేరు వేరొకరి చేతికి పోవచ్చు. పేరు వాడినా దాని వెనుక వచ్చిన అడ్రస్‌ను మొదటిసారి ముక్కలు ముక్కలుగా సరిచూడండి, తర్వాత ఎప్పుడైనా ఆ అడ్రస్ మారినట్టు కనిపిస్తే ఫోన్ చేసి అడిగేవరకు పంపకండి.

తప్పు జరిగిపోతే

సున్నా-ఎక్స్ అడ్రస్‌కు వేరే నెట్‌వర్క్ మీద పంపారు, అవతలిది వారి సొంత వాలెట్ అయితే: డబ్బు పోలేదు. వారు తమ వాలెట్‌లో ఆ నెట్‌వర్క్‌ను చేర్చుకుంటే కనబడుతుంది, కదిలించడానికి ఆ నెట్‌వర్క్ సొంత నాణెం కొద్దిగా కావాలి. ఆటోనగర్ ప్రశ్నలాంటి వాటిలో ముందుగా చూడవలసింది ఇదే.

అదే ఎక్స్‌ఛేంజీ అడ్రస్ అయితే, లేదా మెమో మరిచిపోతే: లావాదేవీ సంఖ్యతో ఆ ఎక్స్‌ఛేంజీ సహాయ విభాగానికి యాప్ లోపలి నుంచే రాయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయకండి, అక్కడ నకిలీ నంబర్లు ఉంటాయి. మెమో లోపాలు సాధారణంగా సరిచేస్తారు, నెట్‌వర్క్ తప్పితే కొన్నిసార్లు రుసుము తీసుకుని తీసిస్తారు, కొన్నిసార్లు కుదరదంటారు.

బిట్‌కాయిన్ పంపి, ఇంకా ఒక్క బ్లాక్‌లోనూ చేరకముందే తప్పు తెలిస్తే: ఎలక్ట్రమ్ వంటి వాలెట్లలో ఎక్కువ రుసుముతో రద్దు చేసే సదుపాయం ఉంది. ఒక బ్లాక్‌లో చేరాక ఆ దారి మూసుకుపోతుంది.

టోకెన్ కాంట్రాక్ట్ అడ్రస్‌కే యూఎస్‌డీటీ పంపితే: మామూలుగా అది తిరిగి రాదు. అందుకున్నవారి అడ్రస్ అనుకుని ఈథర్‌స్కాన్ నుంచి కాంట్రాక్ట్ అడ్రస్‌ను కాపీ చేయడం వల్ల ఇది జరుగుతుంది.

మోసగాడి అడ్రస్‌కు వెళ్లిందని తెలిస్తే: వెంటనే 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ ప్రతితో దగ్గరలోని సైబర్ క్రైమ్ పోలీసులను కలవండి. లావాదేవీ సంఖ్య, రెండు అడ్రస్‌లు, సమయం, మాట్లాడిన సందేశాలు చెరిపేయకుండా ఇవ్వాలి. దొంగ ఆ డబ్బును ఏదైనా ఎక్స్‌ఛేంజీలో వేస్తే అక్కడ ఆపించే అవకాశం ఉంటుంది, అది గంటల మీద ఆధారపడిన విషయం. ఆ తర్వాత కొద్ది రోజుల్లో “పోయిన క్రిప్టోను రాబట్టి ఇస్తాం, ముందుగా కొంత కట్టండి” అంటూ టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో సందేశం వస్తే, అది రెండో దోపిడీ. బదులివ్వకుండా ఆ నంబరును కూడా అదే ఫిర్యాదులో చేర్పించండి.